పాలకొల్లు పిల్లాడు, ఇటలీ వాయిద్యం: మాండలిన్ శ్రీనివాస్ కథ

రేణిగుంట నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని చెప్తా. మీ ఫోన్‌లో ఏదో ఒక పియానో యాప్ తెరవండి. లేకపోతే ఉచితంగా దొరికేవి బోలెడు ఉన్నాయి, ఒకటి దించుకోండి. ‘సి’ అని రాసున్న తెల్ల మెట్టు నుంచి మొదలుపెట్టి, నల్లవి ముట్టుకోకుండా, వరసగా పైనున్న ‘సి’ దాకా నొక్కుకుంటా పోండి. అది శంకరాభరణం రాగానికి సరిపోయే స్వరాల వరస. వినడానికి బాగానే ఉంటుంది. ఇప్పుడు అదే తెల్ల మెట్ల మీద ‘ఇ’ నుంచి పైనున్న ‘ఇ’ దాకా నొక్కండి. లెక్క ప్రకారం అది తోడి.

లెక్క కరెక్టే. కానీ మీ ఇంట్లో సంగీతం తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి వినిపించి, ‘ఇది తోడి’ అని చెప్పి చూడండి. నవ్వుతారు. ఎందుకంటే తోడి రాగంలో గాంధారం అనే స్వరం ఒకచోట కుదురుగా నిలబడదు. కింద రిషభం వైపు, పైన మధ్యమం వైపు ఊగుతా ఉంటుంది. ఆ ఊపే తోడి. అది తీసేస్తే మిగిలేది ఎముకల గూడు. ఈ ఊపుల్ని, జారుళ్ళని, విరుపుల్ని అన్నిటినీ కలిపి గమకాలు అంటారు. పియానోలో ఒక స్వరానికి ఒక మెట్టు. రెండు మెట్ల మధ్యలో ఏమీ లేదు, ఖాళీ. ఎంత గొప్ప పియానిస్టు కూర్చున్నా ఆ ఖాళీలోకి వేలు పెట్టలేడు.

ఈ సమస్యని గుర్తుపెట్టుకోండి. ఈ రోజు చెప్పబోయే మనిషి జీవితమంతా దీని చుట్టూనే తిరిగింది. ఆయన పియానిస్టు కాదు. ఆయన చేతిలో ఉన్నది మాండలిన్. అది కూడా యూరప్ నుంచి వచ్చిందే, అది కూడా మెట్లున్నదే. ఆయన పేరు ఉప్పలపు శ్రీనివాస్. కానీ ఆ ఇంటిపేరుతో చెప్తే ఎంతమందికి తెలుస్తుంది? ‘మాండలిన్ శ్రీనివాస్’ అంటేనే తెలుస్తుంది. మన వైపు చిత్తూరు నాగయ్య ఉన్నారు కదా, పుట్టింది గుంటూరు వైపు రేపల్లె దగ్గరైనా మన ఊరి పేరే ఆయన ఇంటిపేరైపోయింది. ఇక్కడ ఊరు కాదు, వాయిద్యమే ఇంటిపేరైంది.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. క్లారినెట్ అంటే మన పెళ్ళిళ్ళలో బ్యాండుమేళం ముందు నల్లగా పొడుగ్గా ఒకటి ఊదుతారే, అదే. ఇంట్లో ఒక మాండలిన్ కూడా ఉండేది. పిల్లాడికి ఆరేళ్ళ వయసులో దాని మీద చెయ్యి పడింది. వాడు వాయించేది విని తండ్రికి అర్థమైంది, ఇది పిల్లల ఆట కాదని. తను నేర్చుకున్న గురువు దగ్గరికే కొడుకునీ తీసుకెళ్ళాడు. ఆయన రుద్రరాజు సుబ్బరాజు గారు. కేరళకి చెందిన మహా గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. అసలు కథంతా ఇక్కడే ఉంది.

సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. ఆయన పాడితే పిల్లాడు విని, అదే మాండలిన్ మీద వాయించాలి. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు, తీగని ఎంత లాగాలో చూపించేవాళ్ళు లేరు. ఇప్పుడైతే యూట్యూబ్‌లో దేనికైనా పాఠం దొరుకుతుంది. వేలు ఎక్కడ పెట్టాలో దగ్గర నుంచి చూపిస్తారు, వేగం సగానికి తగ్గించుకుని మళ్ళీ మళ్ళీ చూడొచ్చు. అప్పుడు ఆ పిల్లాడి ముందున్నది ఒక్క గొంతు మాత్రమే. ఆ గొంతు ఎటు పోతే తీగ అటు పోవాలి. పోకపోతే? గురువుగారు మాండలిన్ కోసం పాట మార్చరు కదా. కాబట్టి మాండలినే మారాలి. ముందు చేతివేళ్ళు మారాయి, తర్వాత వాయిద్యమే మారింది.

నేనైతే ఇది ఆయన అదృష్టం అంటాను. మాండలిన్ వచ్చిన గురువు దొరికుంటే మాండలిన్‌కి ఏది చేతనవుతుందో అదే నేర్పేవాడు. మాండలిన్ రాని గురువు దొరికాడు కాబట్టి సంగీతానికి ఏది కావాలో అది అడిగాడు.

సరే, ఇప్పుడు వాయిద్యం గురించి. మామూలు మాండలిన్ ఇటలీలో, ముఖ్యంగా నేపుల్స్ నగరంలో ఆ రూపానికి వచ్చింది. చిన్నది, ఒళ్ళో ఇమిడిపోతుంది. ఎనిమిది తీగలు ఉంటాయి, కానీ నాలుగు జతలుగా. జతలోని రెండు తీగలకీ ఒకే శ్రుతి. రెండూ కలిసి మోగితే గలగలమని నిండుగా వినిపిస్తుంది. పొట్టి తీగలు, బిగువుగా ఉంటాయి. మీటితే ‘టింగ్’ మని మోగి వెంటనే ఆరిపోతుంది. అందుకే మాండలిన్ వాయించేవాళ్ళు ఒక స్వరాన్ని నిలపాలంటే పలకతో గబగబా పైకీ కిందకీ మీటుతూ ఉంటారు. పాత సినిమా పాటల్లో ఆ వణికే మోత మీరు వినే ఉంటారు. పేరు తెలియకపోయినా చెవికి తెలుసు.

ఇప్పుడు ఇదే వాయిద్యం మీద గమకం పలికించాలనుకోండి. వీణ మీద ఎలా పలికిస్తారు? తీగని మెట్టు మీద నొక్కి పక్కకి లాగుతారు. తీగ బిగుసుకుంటుంది, స్వరం పైకి పోతుంది. వదిలితే కిందకి వస్తుంది. వీణకి మెట్లు ఎత్తుగా ఉంటాయి, తీగలు పొడుగ్గా ఉంటాయి, మోత చాలాసేపు నిలుస్తుంది. కాబట్టి ఒక్క మీటుకి మూడు నాలుగు స్వరాలు పలుకుతాయి. మాండలిన్ మీద అలా లాగబోతే మొదట అడ్డం వచ్చేది ఆ జతే. రెండు తీగల్ని ఒకేసారి ఒకే కొలతలో లాగాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా రెండూ రెండు శ్రుతుల్లో కొట్టుకుంటాయి. సరే, ఎలాగో లాగారనుకుందాం. లాగేలోపే మోత ఆరిపోతుంది. ఊపడానికి అక్కడ శబ్దమే మిగలదు.

శ్రీనివాస్ చేసింది ఏంటంటే, జతలు తీసేశాడు. ఒక్కో శ్రుతికి ఒక్కో తీగే. దాంతో లాగడం వేలి అదుపులోకి వచ్చింది. ఆరిపోయే మోతకి మందుగా ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు. ఎలక్ట్రిక్ అంటే తనంతట తాను వాయించే మిషన్ అని కొందరు అనుకుంటారు, అది కాదు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట ఉంటాయి. దాన్ని పికప్ అంటారు. స్టీలు తీగ కదిలితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. మామూలు మాండలిన్‌లో చెవికి అందకుండా పోయే మోత తోక కూడా ఇక్కడ వినిపిస్తుంది. ఆ తోకలోనే గమకం ఉంది. ఒక్కసారి మీటి, ఆ మోత బతికున్నంతసేపు వేలితో తీగని లాగుతూ, జారుతూ, ఊపుతూ స్వరాలు పలికించొచ్చు. ఇక కింది స్థాయి, అంటే గంభీరంగా పలికే మంద్ర స్వరాలకి నాలుగు తీగలు చాలలేదు. ఐదో తీగ వచ్చింది. అలా ఎనిమిది తీగల ఇటలీ మాండలిన్ ఐదు తీగల శ్రీనివాస్ మాండలిన్ అయింది.

ఇదంతా పెద్ద ఫ్యాక్టరీ, ఇంజినీర్ల బృందం కూర్చుని చేసిన డిజైన్ కాదబ్బా. ఇంకా మీసాలు కూడా రాని ఒక పిల్లాడి అవసరం.

మొదటి కచేరీ 1978లో, గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో. అప్పటికి తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్లాడు బాగా వాయించాడంటే జనం ముద్దుగా చూస్తారు, చప్పట్లు కొడతారు, ఫోటో తీసుకుంటారు. ఇంటికెళ్ళి మర్చిపోతారు. మన దగ్గర బాలమేధావులు చాలామంది అలాగే మర్చిపోబడ్డారు. ఆ ముద్దు తీరాక నిలబడటమే కష్టం. దానికి పాలకొల్లు, గుడివాడ చాలవు. కుటుంబం మద్రాసుకి వెళ్ళింది.

మనకి మద్రాసు అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. రేణిగుంటలో రైలెక్కితే పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా మూడు గంటల ప్రయాణం. ఆస్పత్రికైనా, పెళ్ళి చీరలకైనా, ఉద్యోగానికైనా మనవాళ్ళు పోతూనే ఉంటారు. కానీ సంగీతం వాళ్ళకి అది ఇంకో రకం ఊరు. సభలు అక్కడ, రికార్డింగు కంపెనీలు అక్కడ, డిసెంబరు వస్తే నెలంతా కచేరీలు అక్కడ. తెలుగు సినిమా కూడా చాలా ఏళ్ళు అక్కడే ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయి వచ్చింది గానీ సంగీతం మూటాముల్లె సర్దుకుని మనతో రాలేదు.

ఇందులో ఒక తమాషా చూడండి. ఆ సభల్లో పాడేది ఎక్కువగా తెలుగే. త్యాగరాజ స్వామి 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో బతికి, 1847లో పోయారు. రెండు ఊళ్ళూ తమిళ దేశంలోవే. ఇంట్లో తెలుగు, రాసింది తెలుగు. అంటే మన భాష పాట రెండు వందల ఏళ్ళుగా కావేరి ఒడ్డున, ఆ తర్వాత మద్రాసు సభల్లో పెరిగింది. గోదావరి జిల్లా నుంచి ఒక తెలుగు పిల్లాడు తెలుగు కీర్తనలు వినిపించడానికి తమిళ నగరానికి వలస పోవాల్సి వచ్చింది. పైగా వాయిద్యానికి మాటలు ఉండవు. విన్నవాళ్ళు మనసులో ఆ తెలుగు మాటలు కలుపుకోవాలి. మద్రాసులో కలుపుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. మన ఊళ్ళల్లో ఎంతమంది ఉన్నారో మీరే చెప్పండి.

1981 డిసెంబరు సీజన్‌లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద మద్రాసులో తొలి కచేరీ. పన్నెండేళ్ళ వయసు. ముందు వరసలో కూర్చునేవాళ్ళు తల పండిన రసికులు. మెట్లున్న, కరెంటు తగిలించిన వాయిద్యం మీద కర్ణాటక సంగీతం ఏంటి అనే అనుమానం వాళ్ళలో ఉండటం సహజం. ఆ అనుమానం తప్పని నేను అనను. మనం ఇందాక యాప్‌లో నొక్కిన తోడి లాంటిది వాయించి ఉంటే వాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళే, వెళ్ళాలి కూడా. వాళ్ళు వెళ్ళలేదు. గొంతు నుంచి నేర్చుకున్న చెయ్యి కాబట్టి కళ్ళు మూసుకుంటే అక్కడ మాండలిన్ కనపడలేదు, రాగం కనపడింది.

యూరప్ వాయిద్యాన్ని మనవాళ్ళు మొదటిసారి మనది చేసుకోవడం ఇదేమీ కాదు. వయోలిన్ అలాగే వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు. తర్వాత వంద ఏళ్ళకి మన తెలుగువాళ్ళలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వచ్చారు. 1893లో బెంగళూరులో పుట్టి, విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి, ప్రిన్సిపాల్ అయ్యి, 1941లో మద్రాసు సంగీత అకాడమీ నుంచి సంగీత కళానిధి అందుకున్నారు. అయితే వయోలిన్‌కి మెట్లు లేవు. వేలు ఎంత దూరమైనా జారుతుంది, విల్లు లాగినంతసేపు మోత ఆగదు. గమకానికి అది పుట్టు చుట్టం. చిత్రం ఏంటంటే యూరప్‌లో మాండలిన్‌కీ వయోలిన్‌కీ తీగల శ్రుతి ఒకటే. అన్నదమ్ముల్లాంటివి. ఒక అన్న రెండు వందల ఏళ్ళ ముందే మన ఇంట్లోకి వచ్చేశాడు. రెండోవాడు గడప దగ్గరే ఉండిపోయాడు. హిందీ సినిమా సంగీత దర్శకుడు సజ్జాద్ హుస్సేన్ మాండలిన్ మీద హిందుస్తానీ రాగాలు వాయించారు, అది మర్చిపోకూడదు. కానీ కర్ణాటక కచేరీలో మధ్యలో కూర్చుని, పక్కన వయోలిన్, మృదంగం తోడు పెట్టుకుని, రెండు మూడు గంటలు పూర్తి కచేరీ నడిపే స్థాయికి మాండలిన్‌ని తెచ్చింది మన శ్రీనివాసే. ఆ వేదిక మీద పాత అన్న వయోలిన్ కొత్త తమ్ముడికి పక్కవాయిద్యం అయ్యాడు.

1983లో పశ్చిమ బెర్లిన్. అప్పటికి జర్మనీ రెండు ముక్కలు, బెర్లిన్ మధ్యలో గోడ. అక్కడి జాజ్ ఉత్సవంలో పద్నాలుగేళ్ళ శ్రీనివాస్ వాయించాడు. జాజ్ వినేవాళ్ళకి మన రాగం పేరు తెలియదు, తాళం లెక్క తెలియదు. కానీ అప్పటికప్పుడు పుట్టే సంగీతం అంటే ఏంటో వాళ్ళకి బాగా తెలుసు. మన ఆలాపన, స్వరకల్పన అదే కదా. మనోధర్మం అని మనం అనేదే వాళ్ళ జాజ్‌కి ప్రాణం. ఆ కచేరీతో యూరప్ తలుపు తెరుచుకుంది.

బెర్లిన్ అంటే నాకు ఇంకో సంగీతకారుడు గుర్తొస్తాడు. ఇతను అసలు పియానిస్టే. వ్లాదిమిర్ హోరోవిట్జ్. 1903లో ఉక్రెయిన్‌లోని కీవ్‌లో పుట్టాడు, అప్పట్లో అది రష్యా సామ్రాజ్యం కింద ఉండేది. యూదుల కుటుంబం. తొలి గురువు తల్లే. విప్లవం వచ్చింది, ఇంటి ఆస్తి పోయింది. 1925లో చదువుకి అని చెప్పి దేశం దాటి బెర్లిన్ చేరాడు, మళ్ళీ వెనక్కి పోలేదు. 1928లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో తొలి కచేరీ. తర్వాత అమెరికా పౌరుడయ్యాడు. 1953 నుంచి పన్నెండేళ్ళు జనం ముందు వాయించడమే మానేశాడు. 1965లో మళ్ళీ వేదికెక్కాడు. వదిలేసి వచ్చిన దేశంలో మళ్ళీ వాయించింది 1986లో, మాస్కోలో, లెనిన్‌గ్రాడ్‌లో. అరవై ఒక్క ఏళ్ళ తర్వాత. వెళ్తూ తన పియానోని కూడా న్యూయార్క్ నుంచి తీసుకెళ్ళాడు. ఆయన పియానో మెట్లు ఆయన చేతికి సరిపోయేలా తేలిగ్గా కదిలేటట్టు చేయించుకున్నవి.

ఇద్దరినీ ఒక తాటికి కట్టకూడదు, అది నాకూ తెలుసు. హోరోవిట్జ్ వెనక రాజ్యం ఉంది, భయం ఉంది. మన శ్రీనివాస్ ఊరు వదిలింది వేదిక కోసం, ప్రాణం కోసం కాదు. కావాలంటే రాత్రి రైలెక్కి పొద్దున్నకి గోదావరి జిల్లాలో దిగొచ్చు. కానీ రెండు చోట్ల ఇద్దరూ కలుస్తారు. ఒకటి, ఇద్దరూ ఫ్యాక్టరీ ఇచ్చిన వాయిద్యాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు. రెండోది, ఈ మనిషి ఎవరివాడు అనే ప్రశ్న ఇద్దరి వెనకా వచ్చింది. హోరోవిట్జ్‌ని రష్యన్ అన్నారు, అమెరికన్ అన్నారు. కీవ్‌వాళ్ళు మావాడు అంటారు. శ్రీనివాస్‌ని చెన్నై తన బిడ్డ అనుకుంది. అనుకోవడం న్యాయం కూడా, ఎందుకంటే టికెట్టు కొని విన్నది వాళ్ళు.

బెర్లిన్ తర్వాత లిస్టు పొడుగు, నేను గబగబా చెప్పేస్తా. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌తో పాటు జరిగిన కళోత్సవంలో వాయించాడు. 1995లో కెనడాకి చెందిన గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అనే ఆల్బమ్ చేశాడు. 1998లో పద్మశ్రీ. ఇంగ్లండు స్వరకర్త మైకేల్ నైమన్‌తో ‘సంగం’ అనే ఆల్బమ్, అందులో హిందుస్తానీ గాయకులు రాజన్, సాజన్ మిశ్రా సోదరులు కూడా ఉన్నారు. 2009కి కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు. ద్వారం వారికి దక్కిన సంగీత కళానిధి మాత్రం శ్రీనివాస్‌కి రాలేదు. దాని గురించి నాకు కొంచెం మంటగానే ఉంటుంది. పెద్దవయసులో ఇద్దాంలే అనుకుని ఉంటారేమో. ఆ పెద్దవయసు రాలేదు.

‘రిమెంబర్ శక్తి’ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్ కలిసి 1970లలో ‘శక్తి’ అనే బృందం నడిపారు. అందులో వయోలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయకరామ్. చాలా ఏళ్ళ తర్వాత ఆ బృందం కొత్త పేరుతో మళ్ళీ లేచినప్పుడు, శంకర్ వయోలిన్ ఉన్న చోట శ్రీనివాస్ మాండలిన్ వచ్చింది. వినాయకరామ్ చోటికి ఆయన కొడుకు సెల్వగణేశ్ కంజీర పట్టుకుని వచ్చాడు. తర్వాత శంకర్ మహదేవన్ గొంతు కలిసింది. వీడియోలు చూడండి. మెక్‌లాఫ్లిన్ ప్రపంచంలో పేరున్న గిటారిస్టుల్లో ఒకడు, వయసులో శ్రీనివాస్ తండ్రి అంత. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరు ఒక ముక్క వాయిస్తే ఇంకొకరు దానికి జవాబు చెప్తా ఉంటారు. శ్రీనివాస్ ముఖంలో పోటీ కనిపించదు. చిన్న నవ్వు ఒకటి ఉంటుంది, అంతే. అంత వేగంలో కూడా ఆ నవ్వు చెదరదు. చేతి వేగం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు గానీ, నా లెక్కలో వేగం పెద్ద విషయం కాదు. వేగం సాధన చేస్తే వస్తుంది. నెమ్మదిగా వాయించేటప్పుడు ఒక్క స్వరాన్ని ఎంతసేపు బతికిస్తున్నాడో, అక్కడ చూడాలి.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో ఒక ఆస్పత్రిలో శ్రీనివాస్ పోయాడు. కాలేయ జబ్బు. వయసు నలభై ఐదు.

నలభై ఐదు అనే అంకెని కొంచెం ఆలోచించండి. క్రికెటర్‌కి అది ముసలితనం. సంగీతంలో అప్పుడే పాకం ముదరడం మొదలవుతుంది. ద్వారం వారు డెబ్భై దాకా ఉన్నారు. హోరోవిట్జ్ 1989లో ఎనభై ఆరేళ్ళకి పోయాడు, చివరి రికార్డింగు ముగించిన నాలుగు రోజులకి. ఆ లెక్కన మనం పోగొట్టుకున్నది ముప్పై, నలభై ఏళ్ళ సంగీతం. తొమ్మిదేళ్ళకే వేదికెక్కాడు కాబట్టి ముప్పై ఆరేళ్ళ కచేరీలు మనకి దక్కాయి, అది ఒక ఓదార్పు. కానీ శిష్యులకి చెప్పాల్సిన పాఠాలు మిగిలిపోయాయి, ఆ వాయిద్యానికి ఇంకా ఏ మార్పులు చేసేవాడో తెలియకుండా పోయింది. ఆయన తమ్ముడు యు. రాజేశ్ కూడా మాండలిన్ విద్వాంసుడే. ఇద్దరూ కలిసి ఎన్నో కచేరీలు చేశారు. తమ్ముడు ఆ వాయిద్యాన్ని ఇప్పటికీ వేదికల మీద వినిపిస్తున్నాడు.

ఒక వాయిద్యం మన సంగీతంలో స్థిరపడిందా లేదా అనేది ఒక్క మేధావితో తేలదు. వయోలిన్‌ని ఇప్పుడు ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు నేర్చుకుంటున్నారు, కాబట్టి అది యూరప్‌దని ఎవరూ అనరు. మాండలిన్ ఇంకా అక్కడికి రాలేదు. మన తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. రేణిగుంట నుంచి పది కిలోమీటర్లు. వీణ, వయోలిన్ మోసుకుని పోయే పిల్లల్ని ఆ వైపు బస్సుల్లో చూస్తా ఉంటాం. మాండలిన్ సంచి పట్టుకున్న పిల్లని గానీ పిల్లాడిని గానీ నేనైతే ఇంతవరకు చూడలేదు.

ఇప్పుడు ఎలా వినాలో చెప్పి వదిలేస్తా. ఫోన్ స్పీకర్ మీద వినకండి, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. ఐదో తీగ మీద పలికే మంద్ర స్వరాలు ఫోన్ స్పీకర్‌లో సరిగా రావు, సగం మోత పోతుంది. కొత్తవాళ్ళయితే మొదట కదనకుతూహలం రాగంలో ‘రఘువంశ సుధా’ వినండి. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ కీర్తన అది, ఆ రాగం కూడా ఆయన కట్టిందే. అందులో స్వరాలు ఎక్కువ ఊగవు, గబగబా మెట్లెక్కినట్టు పోతాయి. మెట్లున్న వాయిద్యానికి బాగా నప్పుతుంది. ఇంగ్లీషు బ్యాండు చెవికి కూడా వెంటనే ఎక్కుతుంది. అది రెండుసార్లు విన్నాక తోడి గానీ, భైరవి గానీ, ఏదైనా బరువైన రాగంలో ఆయన ఆలాపన వెతుక్కోండి. అప్పటికి మృదంగం ఉండదు, తాళం ఉండదు. తొందరేమీ లేదు. ఆయన పలకతో తీగని మీటిన ‘టక్’ అనే చప్పుడు సన్నగా వినిపిస్తుంది. ఆ చప్పుడుకీ తర్వాత వచ్చే చప్పుడుకీ మధ్య ఎన్ని స్వరాలు పలికాయో వేళ్ళ మీద లెక్కపెట్టండి. మొదటిసారి మీ లెక్క తప్పుతుంది. వెనక్కి జరిపి మళ్ళీ వినండి.